ఫైనల్ మ్యాచ్ లేని జాతీయ ఛాంపియన్‌షిప్: 1955 బ్రయర్‌లో విజేతను ఎలా తేల్చారు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. కెనడా పురుషుల జాతీయ కర్లింగ్ (మంచు మీద రాళ్లను జారవిడిచే ఆట) ఛాంపియన్‌షిప్ అయిన మెక్‌డొనాల్డ్ బ్రయర్ గురించి మీరు తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నారు. 1955లో సస్కాచెవాన్ ప్రావిన్సు జట్టు గెలిచిందని తెలిసింది గానీ, ఫైనల్ ఎవరితో ఆడారో, స్కోరు ఎంతో ఎక్కడా దొరకలేదు. గెలిచిన జట్టులో నలుగురి ఇంటిపేరూ ఒకటే ఉండడంతో ఆ వివరమైనా సరైనదేనా అన్న అనుమానం వచ్చింది. ఫైనల్ లేకుండా గెలిచి ఉంటే ఆ గెలుపును ఎంతవరకు నమ్మవచ్చునని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్లుగా సస్కాచెవాన్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడి ఒక క్లబ్బులో ప్రతి శీతాకాలం కర్లింగ్ ఆడతాను. ఏ జట్టు ఎవరితో, ఏ షీటు (ఆడే పొడవాటి మంచు పట్టీ) మీద, ఏ వేళకు ఆడాలో నిర్ణయించే పట్టికను ఇక్కడ ‘డ్రా’ అంటారు. మా క్లబ్బు పోటీలకు దాన్ని తయారు చేసే పని నాదే. అందువల్ల మీరు అడిగిన విషయం నాకు చరిత్ర మాత్రమే కాదు, ఏటా చలికాలం మొదట్లో మా క్లబ్బు సమావేశంలో మళ్లీ మళ్లీ చర్చకు వచ్చే విషయం కూడా.

సూటిగా చెప్పాలంటే, 1955లో ఫైనల్ అనేదే జరగలేదు. అందుకే మీకు ఆ స్కోరు దొరకలేదు. పోటీకి వచ్చిన 11 జట్లలో ప్రతి జట్టూ మిగిలిన 10 జట్లతో ఒక్కొక్క మ్యాచ్ ఆడింది. అన్నీ ముగిశాక ఎవరి విజయాలు ఎక్కువైతే వారే దేశ విజేత. గార్నెట్ క్యాంప్‌బెల్ సారథ్యంలోని సస్కాచెవాన్ జట్టు పదికి పదీ గెలిచింది కనుక ఆ ఏడాది వేరే ప్రశ్నే తలెత్తలేదు. ఇంటిపేరు విషయంలోనూ పొరపాటు లేదు. స్కిప్ (సారథి) గార్నెట్, మూడవగా రాళ్లు వేసే థర్డ్ డాన్, రెండవగా వేసే సెకండ్ గ్లెన్, మొదట వేసే లీడ్ లాయిడ్, నలుగురూ ఏవన్‌లీ అనే చిన్న ఊరికి చెందిన సొంత అన్నదమ్ములు.

ఈ పద్ధతి మన పాఠకులకు కొత్తదేమీ కాదు. 2024లో టొరంటోలో జరిగిన చదరంగం క్యాండిడేట్స్ పోటీలో చెన్నైలోని తెలుగు కుటుంబానికి చెందిన గుకేశ్ ఇలాంటి పట్టికలోనే మొదటి స్థానంలో నిలిచాడు. అక్కడ 8 మంది ఒకరితో ఒకరు రెండేసిసార్లు, మొత్తం 14 రౌండ్లు ఆడారు. 9 పాయింట్లు సాధించిన గుకేశ్‌కు విడిగా ఫైనల్ ఆడవలసిన అవసరం రాలేదు. బ్రయర్‌లో ఒకరితో ఒక్కసారే ఆడేవారు, పాయింట్లకు బదులు గెలుపు ఓటములను లెక్కించేవారు. తేడా అంతే. కర్లింగ్‌లో సమానంగా ముగిసే మ్యాచ్ ఉండదు, స్కోరు సమానమైతే తేలేవరకు అదనపు ఎండ్ (ఆటలో ఒక విడత) ఆడవలసిందే.

ఇక 11 జట్లు ఎందుకన్నది మీ వ్యాసంలో తప్పక ఉండవలసిన విషయం. అప్పటికి కెనడాలో ఉన్నవి 10 ప్రావిన్సులు. ఒక్క ఒంటారియో నుంచి మాత్రం రెండు జట్లు వచ్చేవి, ఎందుకంటే నార్తర్న్ ఒంటారియోను మొదటినుంచీ ప్రత్యేక ప్రాంతంగా పరిగణించారు. 1927లో టొరంటోలో జరిగిన మొట్టమొదటి బ్రయర్‌లో ఆడినవి 8 జట్లే. పడమటి ప్రావిన్సులన్నిటికీ కలిపి ఆనాడు ఒక్క జట్టే ఉంది, కాగా టొరంటో, మాంట్రియల్ నగరాలకు విడిగా జట్లు ఉండేవి. ఆ తొలి పోటీని హాలిఫాక్స్‌కు చెందిన మరే మెక్‌నీల్ జట్టు నోవా స్కోషియా తరఫున గెలుచుకుంది. బ్రిటిష్ కొలంబియా, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ 1936లోనూ, న్యూఫౌండ్‌లాండ్ 1951లోనూ చేరాయి. ఆ విధంగా 1951 నుంచి 11 జట్లు, మొత్తం 55 మ్యాచ్‌లు అయ్యాయి. సంఖ్య బేసి కనుక ప్రతి రౌండులో ఒక జట్టు ఖాళీగా ఉంటుంది, మిగతా పది జట్లు ఐదు షీట్ల మీద ఆడతాయి. డ్రా వేసేవాడిగా నాకు ఆ అమరిక ఎంతో ముచ్చటగా కనిపిస్తుంది. 11 రౌండ్లలో 55 మ్యాచ్‌లూ సరిగ్గా ఇమిడిపోతాయి, ఒక్క షీటూ వృథా పోదు.

ఆట గురించి తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఒక్కో జట్టులో నలుగురు ఉంటారు. ఒక ఎండ్‌లో ప్రతి ఆటగాడూ రెండేసి గ్రానైట్ రాళ్లను మంచు మీద జారవిడుస్తాడు. రెండు జట్లవీ కలిపి 16 రాళ్లు. అవతలి చివర గీసిన వలయాల కేంద్రానికి ఎవరి రాయి దగ్గరగా ఉంటే వారికే ఆ ఎండ్‌లో పాయింట్లు. ప్రత్యర్థి రాళ్లలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదానికంటే లోపల తమ రాళ్లు ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు వస్తాయి. ఆ రోజుల్లో బ్రయర్ మ్యాచ్‌కు 12 ఎండ్‌లు ఉండేవి. అంటే ఒక్కో ఆటగాడు మ్యాచ్‌కు 24 రాళ్లు, పది మ్యాచ్‌లకు 240 రాళ్లు వేయాలి. ఒక్కో రాయి బరువు దాదాపు 20 కిలోలు. రాయిని ఎత్తి విసరరు, మంచు మీదనే జారవిడుస్తారు. అయినా వేయని వేళల్లో తోటివారి రాళ్ల ముందు పరుగులాంటి నడకతో, రాయి మరింత దూరం సూటిగా జారేలా, చీపురు ఆడించాలి కనుక వారం చివరికి నడుమూ భుజాలూ ఎలా ఉంటాయో ఆడినవారికే తెలుస్తుంది.

విజయాలు సమానమైతే ఏం చేసేవారు? దీనికి మంచి ఉదాహరణ 1958లో విక్టోరియాలో జరిగిన బ్రయర్. అప్పటికే 1954, 1957లలో గెలిచిన ఆల్బర్టా స్కిప్ మ్యాట్ బాల్డ్విన్‌తో సమానంగా మానిటోబా నుంచి వచ్చిన టెర్రీ బ్రాన్‌స్టీన్ జట్టు నిలిచింది. వాళ్లు ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాళ్లు. అటువంటి సందర్భంలో సగటులూ తేడాలూ లెక్కగట్టకుండా ఆ రెండు జట్ల మధ్య మరొక మ్యాచ్ పెట్టేవారు. బాల్డ్విన్ ఆ మ్యాచ్ గెలిచి మూడవసారి విజేత అయ్యాడు. అంతవరకు స్కిప్‌గా మూడుసార్లు బ్రయర్ గెలిచినవాడు విన్నిపెగ్‌కు చెందిన కెన్ వాట్సన్ ఒక్కడే (1936, 1942, 1949). పాఠశాల వయసు కుర్రాళ్లు జాతీయ విజేతలు కాబోయేంత దగ్గరికి రావడం పెద్దలను ఎంత కలవరపెట్టిందంటే, ఆ తరువాత ఆ వయసువారు పురుషుల పోటీలో ఆడకుండా నిబంధన తెచ్చారు. అది సరైన నిర్ణయమని నేను అనుకోను. గెలిచే సత్తా ఉన్నవారిని వయసు చూపి ఆపడం ఆటకు మేలు చేయదు. బ్రాన్‌స్టీన్ మాత్రం 1965లో తిరిగి వచ్చి బ్రయర్ గెలిచాడు.

మీ వ్యాసంలో 1958 గురించి రాస్తే ఆ చివరి మ్యాచ్‌ను ‘ఫైనల్’ అనవద్దు. అది సమానత్వాన్ని తేల్చడానికి పెట్టిన అదనపు మ్యాచ్ మాత్రమే. ముందుగా వేసిన పట్టికలో దానికి చోటు లేదు.

ఇప్పుడు ఈ పద్ధతి ఎంతవరకు న్యాయమైనదన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. నా అభిప్రాయంలో దేశంలో ఆ ఏడాది ఎవరు మేటి అని తెలుసుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు. ఓడినవారు ఇంటికి వెళ్లిపోయే పోటీలో ఒక్క పూట చేయి కుదరకపోతే వారమంతా పోయినట్టే. కర్లింగ్‌లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే మంచు ఒక షీటు మీద ఉన్నట్టు మరో షీటు మీద ఉండదు. ఆటకు ముందు మంచు మీద సన్నని నీటి చుక్కలు చల్లుతారు. అవి గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలవుతాయి. రాయి ఆ బొడిపెల మీదనే జారుతుంది. ఆట సాగేకొద్దీ అవి అరిగి రాయి వేగమూ వంపూ మారిపోతాయి. మా క్లబ్బులో గోడ పక్కనున్న చివరి షీటు మీద కుడి అంచున వేసిన రాయి అనుకున్నదానికంటే ముందే ఆగిపోతుంది. కొత్తగా వచ్చిన జట్టు మొదటి రెండు ఎండ్‌లలో రాళ్లన్నీ వలయాలకు చేరకముందే ఆగిపోతుంటే ముఖముఖాలు చూసుకుంటుంది. మూడవ ఎండ్‌లో వారి స్కిప్ అవతలి చివర గురిగా చూపే చీపురును ఒక జానెడు ఎడమకు జరిపి పట్టుకుంటాడు, అప్పుడు ఆట కుదురుతుంది. నాకౌట్ పోటీలో ఆ జానెడు తెలుసుకునేలోపు ఆట చేజారిపోవచ్చు. అందరితో అందరూ ఆడే పోటీలో మాత్రం అటువంటి మెళకువలను షీటు తరువాత షీటుగా కూడగట్టుకోగల స్కిప్ పైకి వస్తాడు. నేర్చుకునే జట్టుకు ఆ పద్ధతి ప్రతిఫలం ఇస్తుంది.

రెండవ కారణం పోటీ పుట్టుకలోనే ఉంది. మెక్‌డొనాల్డ్ అనేది మాంట్రియల్‌కు చెందిన పొగాకు కంపెనీ. ‘బ్రయర్’ దాని పొగాకు రకాల్లో ఒకటి. పడమటి జట్లను తూర్పు జట్లతో ఆడించాలన్న ఆలోచనను ఆ కంపెనీకి విన్నిపెగ్‌లో ప్రతినిధిగా ఉన్న జార్జ్ కామెరాన్ అధ్యక్షుడు వాల్టర్ స్టీవర్ట్ ముందు పెట్టాడు, దాని నుంచే జాతీయ పోటీ రూపుదిద్దుకుంది. ఆ కంపెనీ 1979 వరకు పోషకుడిగా కొనసాగింది. కంపెనీ పొగాకు మీద ఉండే హృదయాకారపు తగరపు బిళ్లే బ్రయర్ చిహ్నమైంది. ఊదారంగు హృదయం బ్యాడ్జిని సంపాదించడమే నేటికీ ఇక్కడి ఆటగాళ్ల జీవితాశయం. పొగాకు ప్రకటనగా మొదలైందన్నది నిజం, దానిని వ్యాసంలో దాచవలసిన పనిలేదు. కానీ దేశం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు రోజుల తరబడి రైలులో ప్రయాణించి వచ్చిన జట్టును ఒక్క ఓటమితో వెనక్కి పంపడం సబబు కాదన్న ఆలోచన ఆ పద్ధతిలో ఉందని నా నమ్మకం. నేనూ డ్రా వేసేటప్పుడు అదే చూస్తాను. చుట్టుపక్కల పల్లెల నుంచి మంచు రోడ్ల మీద గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చే జట్లకు కనీసం మూడు మ్యాచ్‌లు ఖాయంగా దొరికేలా పట్టిక వేస్తాం. ఇక్కడి పోటీల్లో అది ఆనవాయితీ.

అలాగని ఈ పద్ధతికి లోపాలు లేవని చెప్పను. మొదటి లోపం చివరి రోజు చప్పబడిపోవడం. ఒక జట్టు ముందే చేతికందనంత దూరం వెళ్లిపోతే మిగిలిన ఆటలకు ఫలితంతో సంబంధం ఉండదు. మా క్లబ్బు లీగులో ఆశ కోల్పోయిన జట్టు చివరి మ్యాచ్‌కు నలుగురి బదులు ముగ్గురితో రావడం, ఆ తేలిక గెలుపు వల్ల మరొక జట్టు లాభపడడం చూశాను. అప్పుడు పట్టిక పూర్తిగా న్యాయమైనదని ఎలా అనగలం? ఇంకొక చిక్కు మూడు జట్లు సమానం కావడం. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది మొదటిదానిని ఓడించి ఉంటే పరస్పర ఫలితాలు చూసినా ఏమీ తేలదు, మళ్లీ ఆడించవలసిందే. అప్పుడు హాలు ఖాళీ ఉందా, ఆటగాళ్లకు సెలవు ఉందా అన్న ప్రశ్నలు మొదలవుతాయి.

రెండవది, చాలామంది గమనించనిది, సొంతగడ్డ అనుకూలత. ఆ దశకం ఫలితాలను ఆతిథ్య నగరాలతో కలిపి చూడండి. 1951 పోటీ హాలిఫాక్స్‌లో. గెలిచింది నోవా స్కోషియా. 1952 విన్నిపెగ్‌లో; గెలిచింది మానిటోబా. 1954 ఎడ్మంటన్‌లో, గెలిచింది ఆల్బర్టా. 1955 రెజైనాలో, గెలిచింది సస్కాచెవాన్. ఐదేళ్లలో నాలుగుసార్లు ఆతిథ్యమిచ్చిన ప్రావిన్సే గెలిచింది. 1953లో సడ్‌బరీలో మాత్రం ఆతిథ్య జట్టును కాదని మానిటోబాకు చెందిన ఆబ్ గోవన్‌లాక్ గెలిచాడు. అతని తొలి విజయం 1938 నాటిది, అంటే పదిహేనేళ్ల తరువాత మళ్లీ గెలిచాడు. సొంత ప్రేక్షకులూ, అలవాటైన వాతావరణమూ, దూర ప్రయాణపు అలసట లేకపోవడమూ పది మ్యాచ్‌లలోనూ వెన్నంటి ఉంటాయి. అందరితో అందరినీ ఆడించడం ఒక పూట అదృష్టాన్ని తగ్గించగలదు గానీ దీన్ని తగ్గించలేదు. అయితే 1956లో మాంక్టన్‌లో మానిటోబాకు చెందిన బిల్లీ వాల్ష్ రెండవసారి గెలిచాక ఆ వరుస తెగింది. బాల్డ్విన్ 1957లో కింగ్‌స్టన్‌లో పదికి పదీ గెలిచింది ఆల్బర్టాకు వేల కిలోమీటర్ల దూరంలో. అందుకే ఆ దశకంలోని అజేయ విజయాల్లో 1957 నాటిది అన్నిటికంటే కష్టమైనదని నేను లెక్కవేస్తాను.

ఈ మాట అన్నానని క్యాంప్‌బెల్ సోదరుల ఘనతను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. వారి విజయం ఎంతటిదో తెలియాలంటే అంతకు ముందున్న చరిత్ర చూడాలి. 1927 నుంచి 1958 వరకు యుద్ధం వల్ల ఆగిన 1943, 1944, 1945 తీసివేస్తే 29 బ్రయర్‌లు జరిగాయి. వాటిలో 15 మానిటోబావే. సగానికి పైగా! సస్కాచెవాన్ మాత్రం ప్రతి ఊరిలో కర్లింగ్ హాలు ఉన్న ప్రాంతమై ఉండి కూడా 1955 వరకు ఒక్కసారీ గెలవలేదు. పక్కనున్న మానిటోబా ఏటేటా కప్పు పట్టుకుపోతుంటే చూస్తూ ఉండవలసి వచ్చింది. 1905లో ఏర్పడిన ఈ ప్రావిన్సు స్వర్ణోత్సవం జరుపుకుంటున్న ఏడాదిలో, ప్రావిన్సు రాజధానిలో, ఆ రాజధానికి అట్టే దూరం లేని పల్లె నుంచి వచ్చిన నలుగురు అన్నదమ్ములు ఒక్క ఓటమీ లేకుండా ఆ లోటు తీర్చారు. ఇక్కడి పాతతరం వారు ఆ జట్టు పేరు ఎత్తగానే ముఖం వెలగడం నేను కళ్లారా చూశాను.

అన్నదమ్ములు ఒకే జట్టులో ఉండడం అరుదైన విషయం కాదని కూడా గుర్తుంచుకోండి. కెన్ వాట్సన్ విజయాల్లో అతని సోదరుడు గ్రాంట్ తోడున్నాడు. 1959, 1960, 1962, 1963లలో నాలుగుసార్లు గెలిచిన ఎర్నీ రిచర్డ్‌సన్ జట్టూ సస్కాచెవాన్‌దే. మొదటి మూడు విజయాల్లో ఎర్నీ, అతని తమ్ముడు శామ్, వరుసకు సోదరులైన ఆర్నాల్డ్, వెస్ కలిసి ఆడారు. దీనికి కారణం నాకు తెలిసినంతలో చాలా సాదా అయినది. గోధుమ పొలాల మధ్య ఊళ్లలో పంట ఇంటికి చేరాక నెలల తరబడి పొలం పని ఉండదు. ఊరి హాలు నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. ఒక జట్టుకు నలుగురు కావాలి, ఒకే ఇంట్లో నలుగురు కొడుకులు ఉంటే జట్టు సిద్ధమైనట్టే. చిన్ననాటి నుంచి కలిసి ఆడినవారికి రాయి ఎంత వేగంతో వస్తున్నదో చెప్పడానికి కేక కూడా అక్కరలేదు, తమ్ముడి భుజం కదలిక చూసి అన్న చీపురు ఆడిస్తాడు.

మీరు ఆనాటి ఆటను నేటి ఆటతో పోల్చబోతున్నారని మీ ప్రశ్న చివరి వాక్యాన్ని బట్టి అనిపించింది. అక్కడ జాగ్రత్త అవసరం. నేడు ఎండ్ మొదట్లో ముందుభాగంలో నిలిచిన ప్రత్యర్థి రాళ్లను వెంటనే ఆట నుంచి తొలగించకూడదన్న నిబంధన ఉంది. అది 1990లలో వచ్చింది. క్యాంప్‌బెల్, బాల్డ్విన్, రిచర్డ్‌సన్ల కాలంలో ఆ అడ్డు లేదు. కేరమ్స్‌లో స్ట్రైకర్‌తో ఎదుటివారి కాయను బోర్డు మధ్య నుంచి కొట్టి పంపినట్టు, వచ్చిన రాయినల్లా కొట్టి బయటికి పంపే జట్టు ఒకసారి రెండు మూడు పాయింట్ల ఆధిక్యం సంపాదిస్తే ఎదుటివారికి తిరిగి పుంజుకోవడం చాలా కష్టం. గురి తప్పకుండా కొట్టగల జట్టు మ్యాచ్ తరువాత మ్యాచ్ గెలుస్తూ పోవడానికి ఆ నిబంధనలు కొంత తోడ్పడ్డాయన్నది నిజం. మరోవైపు అదే ఆయుధం మిగిలిన పది జట్ల చేతుల్లోనూ ఉంది కదా.

చీపురు సంగతి కూడా చెప్పాలి. నేటి ఆటగాళ్లు వాడేది గుడ్డ తొడిగిన తేలికపాటి బ్రష్. ఆనాడు కెనడాలో వాడినది మన జొన్నకు దగ్గరి చుట్టమైన ఒక రకం పైరు కంకి పీచుతో కట్టిన పొడవాటి చీపురు. మా క్లబ్బులో పాతకాలపు పద్ధతిలో ఒక రోజు ఆడినప్పుడు నేనూ దానితో ఊడ్చాను. రెండు చేతులతో పట్టుకుని, ఒంటిని పక్కకు ఊపుతూ, పీచును మంచు మీద చప్పున కొట్టి లాగాలి. ఇద్దరు ఊడ్చేవారి దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే ఆ చప్పుడు అద్దాల అవతల కూర్చున్నవారికి సైతం వినిపిస్తుంది. రాయి ఇంకా సగం దూరం రాకముందే మోచేతుల దాకా మంట పుడుతుంది. పైగా విరిగిన పీచు ముక్కలు మంచు మీద రాలుతాయి. ఒక్క ముక్క రాయి అడుగున చిక్కుకుంటే చాలు, చక్కగా వస్తున్న రాయి ఉన్నట్టుండి తల తిప్పుకుని పక్కకు పోతుంది. ఎంత బాగా వేసినా ఆ ప్రమాదం పొంచే ఉండేది. అటువంటి మంచు మీద, రోజుకు రెండేసి మూడేసి మ్యాచ్‌ల చొప్పున, పదింటిలో ఒక్కటీ పోగొట్టుకోకపోవడం నాకు అద్భుతంగా తోస్తుంది.

ఇక ఫైనల్ ఎప్పుడు మొదలైందంటే, 1980లో. అప్పటికి మెక్‌డొనాల్డ్ తప్పుకుని లాబాట్ అనే బీరు కంపెనీ పోషకురాలైంది. అదే ఏడాది రౌండ్ రాబిన్ (అందరితో అందరూ ఆడే దశ) తరువాత ప్లేఆఫ్‌లు పెట్టి, చివరి మ్యాచ్‌తో విజేతను తేల్చడం ప్రారంభించారు. అంతకు ముందే 1977లో 12 ఎండ్‌ల మ్యాచ్‌ను 10 ఎండ్‌లకు కుదించారు. ప్రేక్షకులకు ఒక నిర్ణాయక మ్యాచ్ కావాలి, టీవీకి నిర్ణీత సమయం కావాలి. ఆ కోరికను నేను తప్పుబట్టను. నేనూ ఆదివారం రాత్రి ఫైనల్‌ను వదలకుండా చూస్తాను. కానీ వారమంతా అందరినీ గెలిచిన జట్టు చివరి గంటలో ఓడి రెండవ స్థానంలో మిగిలినప్పుడు పాత పట్టికే సరైన తీర్పు ఇచ్చేదని అనుకోకుండా ఉండలేను.

‘జాతీయ’ అన్న మాటను వాడేటప్పుడు రెండు పరిమితులను కూడా ప్రస్తావించండి. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ 1975 వరకు ఈ పోటీలో లేవు. ఇది పురుషుల పోటీ మాత్రమే. మహిళలకు దేశవ్యాప్త ఛాంపియన్‌షిప్ 1961లో గాని మొదలుకాలేదు. అంటే క్యాంప్‌బెల్ సోదరులు ఆడిన ఏడాది అంతే నైపుణ్యమున్న మహిళా జట్లకు ప్రావిన్సు, ప్రాంతీయ స్థాయిని దాటి వెళ్లే దారే లేదు. ప్రపంచ స్థాయి పోటీ కూడా అప్పటికి లేదు. 1959లో బ్రయర్ గెలిచిన రిచర్డ్‌సన్ జట్టు స్కాట్లండ్ వెళ్లి స్కాచ్ కప్ పేరిట అక్కడి విజేతతో ఐదు మ్యాచ్‌లు ఆడి అయిదూ గెలిచింది. తరువాతి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు మూలం అదే. కాబట్టి 1955 విజేతలను ‘ప్రపంచ విజేతలు’ అని ఎవరైనా రాసి ఉంటే దానిని నమ్మవద్దు. వారికి బ్రయరే ఆఖరి మెట్టు.

మీ వ్యాసంలో పట్టిక వేసే విధానం: 1927 నుంచి 1979 వరకు విజేతలకు ‘ఫైనల్ స్కోరు’, ‘రన్నరప్’ అనే గడులు పెట్టకండి. వాటి బదులు సంవత్సరం, ఆతిథ్య నగరం, విజేత ప్రావిన్సు, స్కిప్, గెలుపు ఓటములు అనే ఐదు గడులు పెట్టండి. 1955 వరుసలో రెజైనా, సస్కాచెవాన్, గార్నెట్ క్యాంప్‌బెల్, 10–0 అని వస్తాయి. 1958లాంటి ఏడాదికి కింద ఒక చిన్న గమనికగా, విజయాలు సమానమైనందున అదనపు మ్యాచ్ ఆడారని, అందులో ఎవరు ఎవరిని ఓడించారో రాస్తే సరిపోతుంది. పాత పత్రికల్లో ఫలితాలు వెతికేటప్పుడు చివరి రోజు వార్త ఒక్కటే చూసి ఆగిపోవద్దు. విజేత ఎవరో అప్పటికే తేలిపోయి, చివరి రోజు శీర్షికలో వేరే జట్ల మ్యాచ్ ఉండవచ్చు. ప్రతి రౌండు తరువాత అచ్చువేసిన గెలుపు ఓటముల పట్టికను మొదటి రోజు నుంచి వరుసగా చూసుకుంటూ రండి, ఏ జట్టు ఏ పూట ముందుకు వచ్చిందో అందులోనే కనిపిస్తుంది.